ఎవరి సంతోషాన్ని లెక్కిస్తున్నాము?



అచ్చంపేట అంగడికి పోయివచ్చే మన తల్లులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. 2022 జూలై 1వ తేదీ నుండి మన దేశంలో ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ఐస్‌క్రీము పుల్లలు, బుడగలకు కట్టే పుల్లలు, మిఠాయి డబ్బాలకు, శుభలేఖలకు చుట్టే పలుచని పొరలు, అలంకరణకు వాడే థర్మాకోలు నిషేధింపబడ్డాయి. వీటిని తయారుచేయరాదు, నిలువ ఉంచరాదు, అమ్మరాదు, వాడరాదు. అదే సంవత్సరం డిసెంబరు 31 నుండి కవరు మందం 120 మైక్రాన్లకు తగ్గరాదన్నారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 1999లో మొదటిసారి నియమం పెట్టినప్పుడు 20 మైక్రాన్లు చాలన్నారు. తరువాత 40, ఆ తరువాత 50, 75, ఇప్పుడు 120. నియమం మందమవుతూ వచ్చింది గాని, మన వాగుల్లో, చెరువుకట్టల మీద కవర్లు మాత్రం పలుచబడలేదు. 100 మైక్రాన్లకు తక్కువైన బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఫ్లెక్సీల సంగతి ఎత్తితే చాలామంది నాయకులకు, కొందరు గురువులకు కూడా మనసు కష్టపడుతుంది గనుక ఈ వారానికి దానిని వదిలిపెడుతున్నాను.

మనకు ఈ విషయం ఇతర పట్టణాలవారికంటె దగ్గరిది. అచ్చంపేట దాటి మన్ననూరు చేరగానే అడవి మొదలవుతుంది. అక్కడి నుండి వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా శ్రీశైలం పోయే రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమగా సాగుతుంది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ అడవిలో ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌ను అటవీశాఖ నిషేధించింది. కారు అద్దం దించి కోతులకు అరటిపండు విసిరే చెయ్యి, ఆ పండు తెచ్చిన కవరును కూడా అక్కడే విసురుతుంది. పండుతోబాటు కవరును కూడా మింగిన జింకకు ఏ వైద్యుడు దిక్కు? చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య దర్శనానికి వేలాదిగా లోయలోకి దిగే మన హైందవ సోదరులకు, మల్లెలతీర్థం చూడబోయే పట్నం యాత్రికులకు, మన విచారణ నుండి బస్సు కట్టించుకొని విహారయాత్రకు పోయే మనకు ఈ నియమం ఒక్కటే.

మనలో కొందరు ప్రశ్నిస్తారు: నేను కూర దేనిలో తెచ్చుకోవాలో, పెండ్లిలో దేనిలో వడ్డించాలో చెప్పడానికి సర్కారు ఎవరు? ఇది చిల్లర ప్రశ్న కాదు. నా సొమ్ము పెట్టి కొన్న వస్తువును వాడుకునే స్వేచ్ఛ నాకు లేదా? శ్రీసభ ఆస్తిహక్కును కాదనలేదు. 1891లో 13వ సింహరాయలు పోపుగారు వ్రాసిన విశ్వలేఖనుండి నేటివరకు దానిని సమర్థిస్తూనే ఉన్నది. కాని ఆ హక్కుకు ముందే మరొకటి ఉన్నదని కూడా బోధిస్తున్నది. ఈ భూమి, దాని ఫలాలు సర్వేశ్వరుడు మానవులందరికోసం సృజించాడు. నేను వాడి పారేసిన వస్తువు నా గడప దాటిన తరువాత అది ఎవరి వాకిట పడుతున్నదో ఆ వ్యక్తికి కూడా నా వాడకంలో మాట ఉన్నది. దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2015 మే 24వ తేదీన సంతకంచేసిన విశ్వలేఖలో, 2023 అక్టోబరు 4న దాని కొనసాగింపుగా ఇచ్చిన ప్రబోధంలో ఈ మాటనే విస్తరించి చెప్పారు. కావున పౌర ప్రభుత్వం సర్వజన శ్రేయస్సుకోసం ఒక వస్తువును ఆపితే, అది అన్యాయమని తొందరపడి అనరాదు. అయితే ఆ నిషేధం వలన ఎవరికి శ్రేయస్సు కలిగింది, ఎవరికి నష్టం కలిగింది అని అడిగే హక్కు మాత్రం మనకున్నది.

ఈ ప్రశ్నను తలకెత్తుకున్న ఒక దేశం మన పొరుగునే ఉన్నది. హిమాలయాలలోని భూటాను. ఆ దేశపు నాలుగవ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970లలో, దేశపు ఉత్పత్తిని లెక్కించడంకంటె దేశపు సంతోషాన్ని లెక్కించడం ముఖ్యమని చెప్పి లోకమంతటి దృష్టిని ఆకర్షించాడు. 2008 నాటి వారి రాజ్యాంగం 9వ అధికరణంలో ఆ మాటకు స్థానం కల్పించారు. దేశ భూభాగంలో 60 శాతం ఎల్లకాలం అడవిగానే ఉండాలని అదే రాజ్యాంగం 5వ అధికరణం శాసిస్తున్నది. ఇంటింటికి తిరిగి ప్రజలను అడిగి, 9 రంగాలలో 33 సూచికలతో సంతోషాన్ని కొలుస్తారు. నిద్ర ఎన్ని గంటలు, పొరుగువారిమీద నమ్మకం ఎంత, ధ్యానం చేస్తారా, అసూయ కలుగుతుందా, అడవి జంతువులు పంట పాడుచేస్తున్నాయా వంటి విషయాలన్నీ అందులో ఉంటాయి. మన దగ్గర పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మపరిశోధనను ప్రభుత్వ గుమాస్తా కాగితంమీద చేయించినట్లు ఉంటుంది!

ఆ భూటానే 1999లో ప్లాస్టిక్ సంచులను, తమలపాకు చుట్టే ప్లాస్టిక్‌ను, ఇంటివద్ద చేసే ఐసు కవర్లను నిషేధించింది. మనకంటె రెండు దశాబ్దాలు ముందు. ఫలితం? సంచులు బజారు విడిచిపోలేదు. వాటికి బదులు ఏమి వాడాలో చిల్లర వ్యాపారికి దొరకలేదు. 2019లో మళ్లీ అదే నిషేధాన్ని కొత్తగా ప్రకటించవలసి వచ్చింది. 2004లో పొగాకు అమ్మకాన్ని దేశమంతటా ఆపారు. 2010 చట్టం క్రింద, కొద్దిపాటి నమలే పొగాకుతో పట్టుబడిన ఒక యువ సన్యాసికి మూడేండ్ల జైలుశిక్ష పడింది. దొంగరవాణా ఆగలేదు. చివరకు 2021లో కోవిడు కాలంలో, సరిహద్దు దాటి పొగాకుతోబాటు వ్యాధికూడా వస్తున్నదన్న భయంతో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. సంతోషాన్ని లెక్కించే దేశంలో కూడా చట్టం ఒక్కటే మనిషి చేతిని మార్చలేకపోయింది.

భూటాను చొరవతోనే 2011లో ఐక్యరాజ్యసమితి సంతోషం గురించి తీర్మానం చేసింది. 2013 నుండి మార్చి 20ని అంతర్జాతీయ సంతోష దినంగా జరుపుతున్నారు. 2012 నుండి ప్రపంచ సంతోష నివేదిక వెలువడుతున్నది. ఆ నివేదికకు కొలబద్ద ఒక నిచ్చెన. క్రింది మెట్టు 0, పైమెట్టు 10. మీకు సాధ్యమైన అతి మంచి జీవితం పైన, అతి చెడ్డది క్రింద ఉన్నదనుకొంటే మీరిప్పుడు ఏ మెట్టుమీద నిలిచి ఉన్నారు అని అడుగుతారు. సాధారణంగా ఒక్కో దేశంలో ఏడాదికి సుమారు వెయ్యిమందిని అడిగి, మూడేండ్ల సగటు తీస్తారు. 2025 నివేదికలో 147 దేశాలకుగాను మన దేశం 118వది. ఫిన్లాండు వరుసగా ఎనిమిదవసారి మొదటిది. 2019 నివేదికలో చూస్తే సంతోషానికి పేరుమోసిన భూటానుకు వచ్చినది 95వ స్థానం! యాకోబు కలలో చూచిన నిచ్చెనమీద దేవదూతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఈ నిచ్చెనమీద దేశాలు ఎక్కుతూ దిగుతున్నాయి.

మన తెలుగువారికి కూడా ఈ గాలి సోకింది. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంతోష నగరాల సదస్సు జరిపింది. మధ్యప్రదేశ్‌లో 2016లో ఆనంద శాఖ అనే ప్రభుత్వ శాఖనే పెట్టారు. నవ్వుకోవద్దు. రూపాయలను మాత్రమే లెక్కించే పాలనకంటె మనిషి మనస్సును గురించి అడిగే పాలన ఒక అడుగు ముందున్నదే. 1968లో అమెరికాలో రాబర్ట్ కెన్నెడీ ఒక ప్రసంగంలో, జాతీయోత్పత్తి లెక్కలో నరికిన చెట్లు, తలుపుల తాళాలు, జైళ్లు కూడా లాభంగానే కనిపిస్తాయని, బిడ్డల ఆటలోని ఆనందం మాత్రం కనిపించదని వాపోయాడు. ఆ మాట నిజం. ఒక నీళ్ల ప్యాకెట్టు తయారుచేస్తే దేశం ఆదాయం పెరిగింది. అది కాలువకు అడ్డుపడి నీరు ఇండ్లలోకి వస్తే, బురద ఎత్తిపోసిన కూలి కూడా ఆదాయమే. ఆ నీటివలన జ్వరం వస్తే ఆసుపత్రి బిల్లు కూడా ఆదాయమే.

అయినను ఆగి ఒక మాట ఆలోచించాలి. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవారికి ఇది పాత పాఠమే. పునీత అక్వినాసు తోమాసువారు తమ దైవశాస్త్ర సంగ్రహంలో మనిషి ఆనందం దేనిలో ఉన్నదని 8 ప్రశ్నలు వరుసగా వేసుకున్నారు. ధనంలోనా, గౌరవంలోనా, కీర్తిలోనా, అధికారంలోనా, దేహసౌఖ్యంలోనా, భోగంలోనా, ఆత్మలోని ఏదో మేలులోనా, సృష్టిలోని మరి ఏ వస్తువులోనైనా ఉన్నదా? ఒక్కొక్కదానిని పరీక్షించి, కాదు కాదని త్రోసివేస్తూ పోయి, సర్వేశ్వరునిలోనే మన ఆనందం పరిపూర్ణమవుతుందన్నారు. ఆయనకు 1,600 ఏండ్లకు ముందే అరిస్టాటిలు, ఆనందమంటే ఒక పూట కలిగే భావం కాదనీ, జీవితకాలమంతా సద్గుణంతో నడుచుకొనే నడవడియనీ చెప్పాడు. నిచ్చెన లెక్కలో, ఈ పూట నాకెట్లున్నదో నేనే చెప్పాలి. లూకా సువార్త 12వ అధ్యాయంలో కొత్త కొట్లు కట్టించాలనుకొన్న ధనవంతుడు ఆ రాత్రి ఎవరైనా అడిగితే తనకు తాను పదికి పది వేసుకొనేవాడే!

దానికితోడు లెక్కలోకి రాని మనుష్యుల సంగతి ఒకటున్నది. 1990 ప్రాంతంలో, అదే భూటాను నుండి నేపాలీ భాష మాట్లాడే లక్షమందికి పైగా ప్రజలు పౌరసత్వం కోల్పోయి, వెళ్లగొట్టబడి నేపాలులోని శరణార్థి శిబిరాలలో ఏండ్ల తరబడి గడిపారు. తరువాత వారిలో అధికులు అమెరికా మొదలైన దేశాలకు వలసపోయారు. 2008 తరువాత భూటానులో సంతోషాన్ని కొలిచిన ఏ సర్వేలోనూ వారి గడప లేదు, ఎందుకంటే వారికి అక్కడ గడపే లేదు. మన ఊరి సంగతి చెప్పుకొంటే, నల్లమల పెంటలలో నివసించే చెంచు సోదరుడు ఏ నిచ్చెన ఎక్కి మాట్లాడతాడు? 2019లో ఈ అడవిలో యురేనియం త్రవ్వకాల అలజడి రేగినప్పుడు అమ్రాబాదు, మన్ననూరు, అచ్చంపేట ప్రజలు రోడ్డుమీదికి వచ్చారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ త్రవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఎవరి ఇంటిక్రింద త్రవ్వబోతున్నారో వారు నోరు విప్పిన తరువాతనే ఆ తీర్మానం వచ్చిందని గుర్తుంచుకోవాలి.

ఇటువంటిదే పెద్దలకు జ్ఞాపకమున్న మరొక సంగతి. 1980లలో సారా పాలిథిన్ ప్యాకెట్లలో ఊరూరికి వచ్చింది. ఎక్కడ పడితే అక్కడ ఖాళీ ప్యాకెట్లు, ఇంటింటా ఏడుపులు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న తల్లులు తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మగారి పేరు అప్పుడే రాష్ట్రమంతా మారుమ్రోగింది. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో, ఖజానా ఖాళీ అవుతున్నదని ఆ నిషేధాన్ని సడలించారు. ఖజానా లెక్కలో ఆ తల్లుల నిద్రకు ఖరీదు లేకపోయింది. ఆనాడు వస్తువును ఆపమన్నది ఆ వస్తువుచేత దెబ్బతిన్నవారు. నేటి ప్లాస్టిక్ నిషేధంలో ఆ గొంతు నాకు సన్నగా వినిపిస్తున్నది. పైనుండి వచ్చిన చట్టానికి క్రిందనుండి పుట్టిన చట్టానికి ఇదే తేడా.

సాయంకాలం మిర్చి, బజ్జీలు అమ్ముకొనే మన విచారణ తల్లి ఒకామె నాతో అన్నది: "ఫాదరూ, కవర్లు బంద్ జేసిన్రు, మంచిదే. మరి గీ చట్నీ దేన్ల పొయ్యాలె? గిన్నె తెచ్చుకోన్రి అంటే పక్క బండికి పోతున్నరు. మొన్న వచ్చినోళ్లు నా కవర్లన్నీ పట్టుకపోయి చలానా రాసిన్రు. ఆ దుకాణం ముంగట యాలాడుతున్న చిప్సు ప్యాకెట్లు వాళ్లకు కానరాలేదా?" ఆమె అడిగినది నూటికి నూరుపాళ్లు న్యాయం. 2022 జాబితాలో చిప్సు ప్యాకెట్లు లేవు, షాంపూ సాషేలు లేవు, పెద్ద కంపెనీల సీసాలు లేవు. వాటికి వేరే నియమాలున్నాయి, తయారుచేసినవారే తిరిగి సేకరించాలన్న బాధ్యత ఉన్నది. అయితే బండిమీది ఆమెకు చలానా చేతికందినంత త్వరగా ఆ బాధ్యత కంపెనీ గడప తొక్కదు. పేదవాడు రెండు రూపాయల సాషే కొనేది ఇష్టముండి కాదు, సీసా కొనేటంత సొమ్ము ఒక్కసారి చేతిలో ఉండదు గనుక. అతనికి పొదుపు నేర్పబోయేముందు ఈ సంగతి తలచుకోవాలి.

ఇంత చెప్పి నిషేధం వద్దని అనడం లేదు. ఆ కవరు తిని చచ్చేది కూడా పేదవాని మేకే, ఆ కాలువ పొంగి మునిగేది కూడా పేదవాని గుడిసే. ప్లాస్టిక్ రాకముందు మన పాలమూరు ప్రజలు ఏమి వాడేవారో ముసలివారిని అడగండి. మోదుగాకు విస్తర్లు, ఆకు దొప్పలు, చేతిసంచి, గోనెసంచి, నీళ్లకు రంజను. వేసవిలో మోదుగాకు కోసి, ఎండబెట్టి, ఈనెపుల్లలతో కుట్టిన కట్టలు అమ్ముకొని బ్రతికిన కుటుంబాలు ఎన్నో. థర్మాకోలు పళ్లెం వచ్చి ఆ చేతుల పని తీసివేసినప్పుడు ఎవరూ చలానా రాయలేదు. నిషేధంతోబాటు ఆ పని ఆ చేతులకు తిరిగి వస్తే, బజ్జీల తల్లికి చట్నీ పోసుకొనే దొప్ప చవకగా దొరికితే, అప్పుడు ఈ చట్టానికి సువార్త వాసన తగులుతుంది.

యోహాను సువార్త 6వ అధ్యాయం మనకు కంఠస్థమే. అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు, పచ్చికమీద కూర్చున్న అయిదువేలమంది. నలుగురు సువార్తికులు ఈ అద్భుతాన్ని వ్రాశారు. కాని తిన్న తరువాత మిగిలిన ముక్కలు వృధా కాకుండ పోగుచేయండని ప్రభువు శిష్యులను ఆజ్ఞాపించిన సంగతిని యోహానుగారు ఒక్కరే వ్రాశారు. కాస్త ఆలోచించండి. రొట్టెలను అంతగా పెంచగలిగిన చేతికి మిగిలిన ముక్కలతో ఏమి అవసరం? కావాలంటే రేపు మళ్లీ చేయవచ్చు. అయినా పన్నెండు గంపలు నిండాయి. సమృద్ధి కలిగినప్పుడే పొదుపును ఆజ్ఞాపించాడు. కరవులో ఎవడైనా పొదుపుచేస్తాడు. ఆ ముక్కలు ఏరినది కూడా ఎవరు? ఆకలితో వచ్చిన జనం కాదు, అపోస్తలులు. భోజనం అయిన తరువాత వంగి నేలమీదినుండి ఏరే పనిని ప్రభువు తనకు అతి దగ్గరివారికే అప్పగించాడు. శ్రీసభలో పెద్దరికం కోరేవారు ఈ వచనం దగ్గర కొంచెంసేపు ఆగడం మంచిది.

2025 సంతోష నివేదికలో నాకు నచ్చిన అధ్యాయం ఒకటున్నది. వారంలోని 14 పూటలలో మీరు ఎన్ని పూటలు ఇతరులతో కలిసి భోంచేశారని ప్రజలను అడిగారు. కలిసి తినేవారు ఎక్కువ సంతోషంగా ఉన్నట్లు తేలింది. కలిసి తినడంలో మన దక్షిణాసియా వెనుకబడి ఉన్నట్లు కూడా తేలింది. అతిథిమర్యాదకు పేరుపడ్డ మనకు ఇది కొంచెం గుచ్చుకోవలసినదే. మన ఇండ్లలో ఇప్పటికీ తల్లి అందరూ తిన్న తరువాత పొయ్యి దగ్గర ఒంటరిగా తింటుంది గదా. ఆ నిచ్చెన లెక్కలో ఆమె పూట ఏ మెట్టుమీద ఉన్నదో ఇంటి యజమానులు ఈ రాత్రే అడిగి చూడవచ్చు.

ఇదంతా ఎందుకు వ్రాశానంటే, రాబోయే మన విచారణ పండుగ భోజనాలకు ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోలు పళ్లేలు, నీళ్ల ప్యాకెట్లు వాడకూడదని విచారణ సభ తీర్మానించింది. ఆ సమావేశంలో మగవారందరూ చేతులెత్తారు. తల్లులు మాత్రం ఎత్తలేదు. కారణం అడిగితే వెనుక వరుసనుండి ఒకామె, "పళ్లాలు తోమేది ఎవరు ఫాదరూ?" అన్నది. సభ కొంతసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. అటుతరువాత రెండవ తీర్మానం వ్రాసుకొన్నాము, ఈసారి అందరి చేతులూ లేచాయి. మహిళా సంఘాలవద్ద ఉన్న స్టీలు పళ్లేలు, గ్లాసులు కిరాయికి తెస్తున్నాము. చాలకపోతే మోదుగాకు విస్తర్లు కుట్టేవారికి ముందుగా సొమ్మిచ్చి చెప్పి ఉంచుతున్నాము. తల్లులు మొదటి పంక్తిలో కూర్చుంటారు, వడ్డన యువకులది. పళ్లేలు తోమవలసినవారు విచారణ సభలోని పురుష సభ్యులు, ఉపదేశిగారు, నేను. నీళ్ల ట్యాంకరు పూజ ముగిసేసరికి గుడి వెనుక వేపచెట్టు క్రిందికి వస్తుంది. బూడిద, కొబ్బరిపీచు ఎవరింటినుండి వారే తెచ్చుకోవలెను.